ఎర్ర వైరు బాడీకి

మా కాలవ లాకుల సెంటర్లో ఎవరైనా చేతికొచ్చిన పని చెడగొడితే ఇప్పటికీ ఒక మాట అంటారు: "వలేసేవాడికి వైర్లిచ్చినట్టుంది." అదేదో పాత సామెత అనుకుంటారు ఈ కాలం కుర్రాళ్ళు. సామెత కాదు. ఆ మాట పుట్టించింది నేను. పుట్టించిన పొద్దున నేను అబద్ధమాడుతున్నానని నాకు స్పష్టంగా తెలుసు. దాని వెనక జరిగిన సంగతిని మా ఊళ్ళో వేరేగా చెప్పుకుంటారు. వాళ్ళు చెప్పుకునేదాంట్లో నేను తెలివైనవాణ్ణి. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా బావగారు, అంటే అక్క భర్త, ద్రాక్షారామం రోడ్డు మీదున్న మా ఊళ్ళో పెద్ద రైతు. నేను డిగ్రీలో ఫిజిక్సు చదివి, ఆ ఊళ్ళోనే ఒక ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెబుతూ, అక్కావాళ్ళింట్లో తిని, వాళ్ళ వీధి గదిలో పడుకునేవాణ్ణి. బావగారు నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. భోజనాల దగ్గర నలుగురున్నప్పుడు మాత్రం "మావాడు భూమి బరువెంతో చెప్పేస్తాడండి. బియ్యం బస్తా మాత్రం ఎత్తలేడు" అనేవారు. అందరూ నవ్వేవారు. అక్క మజ్జిగ వడ్డిస్తూ తల దించుకునేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వులన్నీ లోపల పులిసిపోయి ఉన్నాయి.

తొంభైల మధ్యలో బావగారు కాకినాడలో ఒక ముసలి డాక్టరుగారి దగ్గర పాత అంబాసిడర్ కారు కొన్నారు. అది నేను పుట్టకముందు తయారైన బండి. రంగు వెలిసిపోయినా ఇంజను గట్టిగా ఉంది. బావగారికి పౌరాణిక నాటక పద్యాలంటే ప్రాణం. ఎక్కడ నాటకమాడినా వెళ్ళేవారు, నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టించేవారు. కారులో వెళ్తూ పద్యాలు వినాలని ఆయన కోరిక. నన్ను రాజమండ్రి పంపి కేసెట్ల స్టీరియో ఒకటి తెప్పించారు. సెట్టు నేను తెచ్చాను కాబట్టి బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోవలసిన పెద్దమనిషిని కూడా నేనేనని నాకు నేనే అనుకున్నాను.

బిగించవలసినవాడు మా సెంటర్లో ఉండే ఆటో ఎలక్ట్రీషియను. అందరూ మేస్త్రి అనేవాళ్ళు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. వాళ్ళ తండ్రి తాతలు సముద్రం మీద చేపల వేటకెళ్ళిన మనుషులు. ఇతను మాత్రం బోట్ల ఇంజన్ల దగ్గర కరెంటు పని నేర్చుకుని, పెళ్ళయ్యాక మా ఊరొచ్చి, కాలవగట్టు మీద బావగారి స్థలం ముందు ఒక టార్పాలిన్ కట్టుకుని, ట్రాక్టర్లకీ లారీలకీ డైనమోలు, సెల్ఫ్ మోటార్లు బాగుచేసేవాడు. పనిమంతుడు. నోరు కూడా తక్కువ కాదు. వాన మొదలైతే టార్పాలిన్ కింద చుట్టిన రాగితీగ కాయిళ్ళు చెమ్మ పట్టి అన్నీ మళ్ళీ మొదటికొచ్చేవి. మూడు వానాకాలాలు అలాగే నెట్టుకొచ్చాడు.

ఆ స్థలంలో బావగారు వరసగా నాలుగు కొట్లు కట్టిస్తున్నారు. మూల కొట్టు తనకిమ్మని మేస్త్రి ఏడాదిగా అడుగుతున్నాడు. ఈయన ఇస్తాననీ అనరు, ఇవ్వననీ అనరు. సెట్టు తెచ్చిన రోజున మాత్రం టీ కొట్టు ముందు అందరూ వింటుండగా అనేశారు: "ఈ పాత బండిలో సెట్టు పాడించరా మేస్త్రీ. విజయదశమి నాడు మూల కొట్టు తాళం నీ చేతిలో పెడతాను."

ఆ సాయంత్రమే మేస్త్రి భార్య వచ్చింది. ఇంకా తలుపు కూడా బిగించని ఆ కొట్టు గడపకి పసుపు రాసి బొట్టు పెట్టి వెళ్ళింది. నేను చూశాను.

మర్నాడు పొద్దున కారు టీ కొట్టు పక్కన నీడలో పెట్టారు. మేస్త్రి బానెట్ ఎత్తి బ్యాటరీ వంక చాలాసేపు చూశాడు. తర్వాత మీటరు తెచ్చి రెండుసార్లు పెట్టి చూశాడు.

"ఇది పాతకాలం బండండి. దీనికి ప్లస్సే ఎర్తండి," అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. మామూలుగా ఏ బండికైనా బ్యాటరీ మైనస్ వైపు తెచ్చి బండి ఇనుప బాడీకి బిగిస్తారు. దాన్నే ఎర్త్ అంటారు. ప్లస్ వైపు నుంచి వైర్లు లాగి లైట్లకీ హారన్‌కీ ఇస్తారు. అందుకే సెట్టు నల్ల వైరు బాడీకి, ఎర్ర వైరు సప్లైకి ఇవ్వాలి. ఈ సంగతి ట్రాక్టరు తోలేవాళ్ళక్కూడా తెలుసు. కానీ బాగా పాత బండ్లు కొన్నింటికి అంతా తలకిందులుగా ఉండేది. ప్లస్ బాడీకి, మైనస్ వైర్లకి. ఇది నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాదు.

"ఎర్త్‌కి ప్లస్ ఏంటయ్యా?" అని నవ్వాను. "పదో తరగతి పిల్లాణ్ణడుగు, చెబుతాడు."

మేస్త్రి బ్యాటరీ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: "ఆళ్ళు మీ దగ్గరే సదువుతున్నారు కదండి మాస్టారూ, మరి అలాగే సెప్తారు."

టీ కొట్టు ముందున్నవాళ్ళందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. టీ కొట్టాయన అయితే గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. అన్నం దగ్గర బావగారు అంటే పడాలి. తిండి ఆయనది. గట్టు మీద టార్పాలిన్ కట్టుకున్నవాడు అంటే ఎందుకు పడాలి? ఆ క్షణంలో నేననుకున్నది ఇదే. దాన్ని అందంగా మార్చి రాయను.

అతను సాయంత్రం దాకా చేశాడు. సెట్టు ఇనుప పెట్టె లోపల నల్ల వైరుకే కలిసుంటుంది కాబట్టి, అది కారు ఇనుముకి ఎక్కడా తగలకుండా పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టూ తొడిగాడు, కింద చెక్క ముక్క పెట్టాడు. ఎర్ర వైరు తీసి బాడీకి బిగించాడు, నల్ల వైరు సప్లైకి కలిపాడు. అప్పుడు నేనక్కడ లేను. కోపంతో ఇంటికెళ్ళిపోయాను. ఏరియల్ పెట్టలేదేమని బావగారు అడిగితే "అది బాడీకి తగుల్తాదండి, ఒద్దు. అయినా బాబుగారు రేడియో ఎక్కడింటారండి, పద్యాలే కదా" అన్నాడట. సెట్టు పాడింది. బావగారు లాకులు దాటి ఒకసారి, రైల్వే గేటు దాకా ఒకసారి వెళ్ళొచ్చారు. కారు దిగి మేస్త్రి భుజం మీద చెయ్యేశారట. నా భుజం మీద ఆయన ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు.

ఒక్కటే లోపం. ఇంజను స్పీడందుకుంటే పాట వెనకాల గుయ్యిమని ఒక రొద వచ్చేది. "మహా ప్రాణం పెట్టి పద్యం పాడుతుంటే ఈ జోరీగ ఏంట్రా?" అని విసుక్కున్నారు బావగారు. అది డైనమో రొద అనీ, కండెన్సర్ అనే చిన్న సామాను వేస్తే పోతుందనీ, ఆదివారం రాజమండ్రి వెళ్ళి తెస్తాననీ మేస్త్రి చెప్పాడు.

శనివారం భోజనాల దగ్గర నేను నోరు విప్పాను. "కండెన్సరూ లేదు, పాడూ లేదు బావగారూ. వైర్లు తప్పిచ్చి ఉంటాడు. పోనీ నేను చూడనా?"

"నువ్వా?" అన్నారు ఆయన. నా వంక చూసి, అక్క వంక చూసి, "సరే, చూడు. చదివించిన చదువు ఒక్కసారైనా పనికొచ్చిందేమో నేనూ చూస్తాను" అన్నారు.

ఆదివారం పొద్దున ఆయన మోటారు సైకిల్ మీద పొలం వెళ్ళారు. నేను కారు షెడ్డులో స్క్రూడ్రైవరు పట్టుకుని సెట్టు బయటికి లాగాను. ఎర్ర వైరు చూశాను. అది నేరుగా బాడీ ఇనుముకి స్క్రూతో బిగించి ఉంది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. దొరికాడు అనుకున్నాను. ప్లస్సే ఎర్తని అతను నాతో నాలుగు రోజుల కిందటే చెప్పాడు. అక్కడే రెండడుగుల దూరంలో బ్యాటరీ ఉంది. బానెట్ ఎత్తి చూస్తే సరిపోయేది. ఎత్తలేదు.

ఎర్ర వైరు సప్లైకి మార్చాను, నల్ల వైరు బాడీకి బిగించాను. ట్యూబు ముక్కలు కోసి పారేశాను. స్విచ్చి వేశాను. టిక్కుమని చిన్న చప్పుడైంది. ఎర్ర వైరు మధ్యలో ఉన్న ఫ్యూజు పోయింది. ఏ మేస్త్రి అయినా అక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి, లోపలి వెండి కాగితం చించి, ఫ్యూజు చుట్టూ చుట్టి మళ్ళీ స్విచ్చి వేశాను.

ముందు వాసన వచ్చింది. తర్వాత సెట్టు కేసెట్టు పెట్టే సందులోంచి సన్నగా పొగ వచ్చింది. వైరు పీకేశాను. అప్పుడు బానెట్ ఎత్తాను. బ్యాటరీ మీద తెల్లగా పట్టిన పొడిని స్క్రూడ్రైవరుతో గీకాను. బాడీకి బిగించిన వైపున, సీసం మీద అచ్చుగుద్దిన కూడిక గుర్తు కనిపించింది.

అతను చెప్పింది అక్షరాలా నిజం. బానెట్ దించాను. వీధి మలుపులో మోటారు సైకిల్ చప్పుడు వినబడింది. పీకిన వైరు మళ్ళీ దోపి, సెట్టు లోపలికి తోసి, నాలుగు స్క్రూల్లో రెండు బిగించాను. వెండి కాగితం తీయడానికి సమయం లేకపోయింది.

"ఏమైందిరా?" అన్నారు బావగారు.

"ఇంకా విప్పలేదండి, పైపైన చూశాను. అతనొచ్చాకే తేల్చాలి," అన్నాను. అదే నా మొదటి అబద్ధం. చిన్నది. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

సోమవారం పొద్దున ఆయన ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని బయల్దేరారు. సెంటర్ దాకా వచ్చి కేసెట్టు పెడితే సెట్టు పలకలేదు, కాలిన వాసన మాత్రం కొట్టింది. కారు అక్కడే ఆపి పెద్ద గొంతుతో "ఒరేయ్ మేస్త్రీ!" అని అరిచారు. నేను కాలేజీకి నడిచి వెళ్తూ ఆ సమయానికి అక్కడే ఉన్నాను. కాలేజీకి వేరే దారి లేదు. ఉన్నా వెళ్ళేవాణ్ణి కాదేమో.

మేస్త్రి చేతిలో కాగితం పొట్లంతో వచ్చాడు. కండెన్సర్ తెచ్చాడు పాపం, ముందురోజు రాజమండ్రి వెళ్ళి. "ఏమైందండి బాబుగారూ?" అంటూనే ముక్కెగరేసి వాసన చూశాడు. మొహం మారిపోయింది. సెట్టు బయటికి లాగాడు. వైర్లు చూశాడు, ఫ్యూజు చూశాడు.

"దీన్నెవరో ఇప్పారండి," అన్నాడు.

"ఎవరిప్పుతార్రా నా కారుని?"

"నేనేసిన ట్యూబు లేదండి. వైర్లు మార్సేశారండి. నేను ఎర్ర వైరు బాడీకిచ్చానండి..."

అక్కడే నేను అందుకున్నాను. ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందుకున్నాను.

"విన్నారా బావగారూ? ఎర్ర వైరు బాడీకిచ్చాట్ట! తన నోటితోనే చెబుతున్నాడు!"

చుట్టూ మూగినవాళ్ళలో ట్రాక్టరు డ్రైవర్లున్నారు, లారీ క్లీనర్లున్నారు. ఎర్ర వైరు బాడీకి తగిలితే ఏమవుతుందో వాళ్ళందరికీ తెలుసు. ఒక్కసారి గుసగుస లేచింది. వాళ్ళకి తెలిసింది నిజమే, ఆ ఒక్క బండి విషయంలో తప్ప. అతను చేసిన ఒప్పే అతని తప్పుకి సాక్ష్యమైపోయింది.

"ఈ బండికి అలాగే ఇవ్వాలండి! మాస్టారికి ఆ రోజే సెప్పాను, ప్లస్సే ఎర్తని!"

"ఆ ముక్క చెప్పినప్పుడే నాకు అనుమానమొచ్చింది," అన్నాను. "నేలకి ప్లస్ ఏంటి బావగారూ? ఏ పుస్తకంలో ఉంది?"

మేస్త్రి నా వంక చూశాడు. తర్వాత ఫ్యూజు మీంచి వెండి కాగితం విప్పి, రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇది సిగరెట్టు పెట్టెలో కాగితం బాబుగారూ. నాది కాదండి. నేను బీడీ కాలుస్తానండి."

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. నేను సిగరెట్లు కాలుస్తానని సెంటర్లో అందరికీ తెలుసు. టీ కొట్టు వెనక బల్ల మీద కూర్చుని రోజూ కాల్చేవాణ్ణి. బావగారికి మాత్రం తెలియదు. పెద్దవాళ్ళ ముందు కాల్చకూడదు, కాలుస్తున్నట్టు వాళ్ళకి తెలియనూకూడదు. తెలియకుండా చూడటం నా ఒక్కడి పని కాదు, ఊరందరిదీ. బావగారి మోటారు సైకిల్ లాకుల మీద కనబడగానే టీ కొట్టాయన గట్టిగా దగ్గేవాడు, నేను ఆర్పేసేవాణ్ణి. ఒకరి పరువు ఒకరు కాపాడుకోవడమది. మంచి అలవాటే.

ఆ పొద్దున ఆ కాగితం చూసిన ప్రతివాడికీ అది ఎవరిదో తెలిసిపోయింది. టీ కొట్టాయన పొయ్యి వైపు తిరిగాడు. లారీ క్లీనరొకడు టైరు వంక చూడటం మొదలెట్టాడు. అందరూ నా మర్యాద కాపాడారు. ఒక్కడు కూడా నోరెత్తలేదు.

బావగారు అడిగారు: "అయితే ఎవడిదంటావ్ ఆ కాగితం?"

మేస్త్రి చుట్టూ చూశాడు. నిదానంగా, ఒక్కొక్కరినీ చూశాడు. ఆఖరికి నన్ను చూశాడు. చెప్పలేదు.

అతను చెప్పకపోవడం చూసి నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలోనే అన్నాను: "వలేసేవాడికి వైర్లిస్తే ఇలాగే ఉంటుంది బావగారూ."

ముందు ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ. ఐదు రోజుల కిందట నా మీద నవ్విన నోళ్ళే అవి. ఎంత హాయిగా ఉందో నాకు. అతని మొహం వంక చూడలేదు.

"కొట్టు సంగతి మర్చిపో," అన్నారు బావగారు. "సాయంత్రానికి టార్పాలిన్ పీకెయ్. నా స్థలం ముందు నువ్వు కనబడకూడదు."

"కొట్టియ్యకపోతే మానెయ్యండి బాబుగారూ. సెట్టు నేను కాల్చానని మాత్రం అనకండి. పని పోద్దండి నాకు."

"అంటాను. ఊరంతా అంటాను. ఏం చేస్తావ్?"

మేస్త్రి కండెన్సర్ పొట్లం బానెట్ మీద పెట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. బావగారు దాన్ని తీసి కాలవలోకి విసిరారు.

వారం తిరక్కుండా అతను భార్యనీ సామాన్లనీ ట్రాక్టరు తొట్టిలో వేసుకుని ఊరొదిలి వెళ్ళాడు. ఎటు వెళ్ళాడని అడిగినవాడు లేడు. నా మాట మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. వరికోత సరిగ్గా చెయ్యకపోతే ఆ మాట, పెళ్ళిలో పులిహోర చెడితే ఆ మాట. మాస్టారు భలే పట్టేశారన్న పేరు నాకు. బావగారు భోజనాల దగ్గర బియ్యం బస్తా మాట మానేశారు. ఇంకా రాయవలసింది ఒకటుంది, దీన్ని దాటేద్దామని చాలాసార్లు అనుకున్నాను. దశమి నాడు మూల కొట్టు తాళం బావగారు నా చేతిలో పెట్టారు, ట్యూషన్లు చెప్పుకోమని. తీసుకున్నాను. గడప మీద పసుపు ఇంకా ఉంది. పిల్లల చెప్పులు తొక్కి తొక్కి అది పోయేసరికి రెండు మూడు నెలలు పట్టింది. ఆ కొట్లో ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. కరెంటు పాఠం కూడా చెప్పాను.

కొట్టు చేతికొచ్చిన ఆరో ఏట ఒకసారి కాలేజీలో తోటి మాస్టార్లతో కలిసి జీపులో యానాం వెళ్ళాను. ఎందుకు వెళ్ళామో, అక్కడ మందు ఎంత చవకో మా వైపువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఊళ్ళోకి దిగుతుండగా జీపు హారన్ మూగబోయింది. డ్రైవరు తెలిసిన షెడ్డొకటి ఉందని తీసుకెళ్ళాడు. రేకుల షెడ్డు. ముందు మూడు లారీలున్నాయి. బానెట్ కిందనుంచి తలెత్తినవాడు మేస్త్రి.

నన్ను గుర్తుపట్టాడు. హారన్ విప్పి బాగుచేశాడు. మిగతావాళ్ళు వాళ్ళ పని మీద వెళ్ళారు. నేను ఉండిపోయాను.

"మేస్త్రీ, ఆ రోజు సెట్టు కాల్చింది..."

"మీరేనండి. తెల్సు."

"ఎప్పుడు తెలిసింది?"

"కాగితం సూసినప్పుడే. మీ బ్రాండు నాకు తెలీదా అండి? టీ కొట్టు ఎనకాల మీరు పారేసిన పెట్టెల్లోనే నేను చిన్న స్క్రూలు దాసుకునేవోణ్ణి."

"మరి ఎందుకు చెప్పలేదయ్యా?"

"సగం సెప్పాను కదండి. మిగతా సగం అక్కడున్న ఎదవల్లో ఎవడో ఒకడు సెప్తాడనుకున్నాను." చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "నేను సెప్తే ఏమయ్యేదండి? మాస్టారి మాట నమ్ముతారా, వలేసేవోడి మాట నమ్ముతారా?"

తప్పయిపోయిందన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అతను వినలేదు, లేదా వినిపించుకోలేదు.

"ఇయ్యన్నీ నాకెందుకు సెప్తున్నారండి? నాకు తెలిసిందే కదా. తెలీనోళ్ళకి సెప్పండి."

తెలియనివాళ్ళకి చెప్పడానికి నాకు మరో రెండేళ్ళు పట్టింది. ఇందులో గొప్పేమీ లేదు. అక్క కూతురి పెళ్ళి అయిపోవాలని ఒక సాకు, బావగారి ఆరోగ్యం బాగాలేదని ఒక సాకు. ఆఖరికి ఒక మధ్యాహ్నం ఆయన వసారాలో పడక్కుర్చీలో ఉంటే ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను. ఆయన అంతా విన్నారు. విని, మొట్టమొదట అడిగింది ఇది:

"నువ్వు సిగరెట్లు కాలుస్తావా?"

"అవునండి."

"నా ఇంట్లో ఉంటూనా?"

"అది కాదండి బావగారూ, మేస్త్రి..."

"మేస్త్రి లేడు, గీస్త్రి లేడు. కారమ్మి ఆరేళ్ళయింది. ఇప్పుడా ముక్క తవ్వి నన్నేం చెయ్యమంటావ్? వెళ్ళి వాడి కాళ్ళు పట్టుకోమంటావా? ఊళ్ళో అందరి ముందూ నీ మాట నమ్మి వాణ్ణి గెంటాను. ఇప్పుడది అబద్ధమంటే వెధవనయ్యేది నువ్వా, నేనా?"

"నేనేనండి."

"కాదురా. నేను."

అక్క గుమ్మంలోంచి "ఊరుకోరా, ఇప్పుడెందుకురా ఇవన్నీ" అంటూనే ఉంది. ఆయన చెయ్యి చాచారు. "కొట్టు తాళం అక్కడ పెట్టి ఫో," అన్నారు. జేబులోంచి తీసి పక్క బల్ల మీద పెట్టాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడరు. ఇది రాస్తున్నానని తెలిసి అక్క కూడా వద్దంది. మూల కొట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

ఆ మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద కూర్చున్నవాళ్ళకి చెప్పాను. టీ కొట్టాయనకి తెలిసిన సంగతే కాబట్టి ఆయన గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఒక ముసలాయన "ఎప్పటి సంగతి మాస్టారూ, వదిలెయ్యండి" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళకి మేస్త్రి ఎవరో కూడా తెలియదు. "అయితే ఆ సామెత మీదేనా అండి?" అని ఒకడు మెచ్చుకున్నట్టు అడిగాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఎవడి చెంప పగలగొట్టాలో తెలిసి ఊరుకున్నాను.

ఆ వారంలోనే బస్సెక్కి మళ్ళీ యానాం వెళ్ళాను. మేస్త్రి ఒక లారీ ముందు స్టూలు మీద నిలబడి హెడ్‌లైటు విప్పుతున్నాడు. బావగారికి చెప్పాననీ, సెంటర్లో చెప్పాననీ, మూల కొట్టు ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉందనీ, ఇప్పుడు ఆయన తీసేసుకున్నారనీ చెప్పాను. కొట్టు నాకే ఇచ్చారన్న సంగతి అతనికి తెలియదు. స్క్రూడ్రైవరు తిప్పుతున్న చెయ్యి ఆగింది.

"మీరు తీసుకున్నారా అండి ఆ కొట్టు?"

"తీసుకున్నాను."

తర్వాత మళ్ళీ స్క్రూ తిప్పడం మొదలెట్టాడు.

"అయితే ఇద్దరికీ పోయిందన్నమాట. నాకందులో సంతోషమేం లేదండి." ఒక స్క్రూ ఊడదీసి నోట్లో పెట్టుకున్నాడు. "కొంచెం ఉంది."

రెండో స్క్రూ కూడా తీశాక అడిగాడు:

"సెంటర్లో మీరు సెప్పినప్పుడు ఎంతమందున్నారండి?"

"ఆరుగురు."

"ఆ రోజు ఎంతమందున్నారో గుర్తుందా?"

గుర్తు లేదు. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

"ఇరవై ముగ్గురండి. ఎవడన్నా నోరిప్పుతాడేమోనని ఒక్కొక్కళ్ళ మొహమే సూసుకుంటూ ఎళ్ళాను. టీ కొట్టాయనతో కలిపి ఇరవై ముగ్గురు. మిమ్మల్నీ మీ బావగార్నీ కలపలేదు."

"వాళ్ళలో కొందరు చనిపోయారు," అన్నాను.

"ఉన్నోళ్ళకి సెప్పండి. పోయినోళ్ళ పిల్లలకి సెప్పండి. ఆ మాట మాత్రం ఒక్క పూటలోనే ఊరంతా తిరిగిందా అండి? టైము పట్టుద్ది." హెడ్‌లైటు అద్దం ఊడదీసి లోపలికి తొంగి చూశాడు. "అడ్డం తప్పుకోండి మాస్టారూ, ఎలుతురు రావట్లేదు."

పక్కకి జరిగాను.